ఉప్పు డబ్బా కింద పిల్ల

అలమరలో కాగితాలు ఎవరు తీశారన్న తగువు పొద్దున కాఫీల దగ్గర మొదలై, భోజనాలు దాటి, సాయంత్రం టీ దాకా వచ్చినా ఇంకా తెమలలేదు. తగువంటే గొంతులు లేచిన తగువేం కాదు. వంటింటి అలమరలో డబ్బాలన్నీ వట్టి చెక్క మీద కూర్చుని ఉన్నాయి, మొన్నటిదాకా వాటి కింద కాగితాలుండేవి, ఇవాళ లేవు, ఎవరు తీశారు అని ఆమె అడిగింది, అంతే. బొద్దింకలు పట్టాయని అత్తగారు అంది. కాగితాలే కదా, మళ్ళీ వేసుకుంటే సరి, అన్నాడు భర్త. పూలపూల ప్లాస్టిక్ షీట్లు దొరుకుతున్నాయి, తుడుచుకోవడం సులువు, నేను తెస్తాను అంది కూతురు. ముగ్గురూ మూడు జవాబులు చెప్పారు, ఒక్కటీ ఆమె అడిగినదానికి కాదు. అసలు బొద్దింక కనిపిస్తే అత్తగారు ఊరుకునే మనిషేనా, వీధి చివరి ఇంటివాళ్ళు కూడా చీపుళ్ళు పట్టుకుని వచ్చేలా కేకలు పెట్టదూ. అదీకాక అలమర పైఅర కుర్చీ ఎక్కితే గాని అందదు, ఆవిడ మోకాళ్ళకు మంచం ఎక్కడమే ఓ ప్రయాణం. అంటే ఎవరో ఎక్కారు, ఎవరో కుర్చీ పట్టుకున్నారు, ఎవరో కింద నిలబడి అందుకున్నారు. అంటే ముగ్గురికీ తెలుసు.

"చెత్తబుట్టలో లేవు అత్తయ్యా, చూశాను," అంది ఆమె టీ కప్పులు తీస్తూ.

"చెత్తబుట్ట కూడా వెతికావుటే," అంది అత్తగారు, కొడుకు వైపు ఓ చూపు విసిరి. "ఇంకా నయం, నా పరుపు కింద చూడలేదు."

పరుపు కిందా చూసింది ఆమె, అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు. అక్కడ ఓ విరిగిన దువ్వెన, దాచుకు తిన్న చాక్లెట్ల కాగితాలు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి పైకి అనలేదు. కప్పులు కడిగి బోర్లించి, వెనకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. వేసిన తలుపుకు అవతల కాసేపు ఏ అలికిడీ లేదు. ముగ్గురు మనుషులున్న చోట అలికిడి లేకపోవడం కంటే పెద్ద అలికిడి ఏముంటుంది.

ఐదింటికి గ్రంథాలయం ఆవిడ వస్తానంది. ఈలోగా ఏం నేర్పాలో, ఏ ఆదివారం ఏది చెప్పాలో అనుకుని పెట్టుకోవాలి. కిటికీ కింద ఆమె లైటు బల్ల ఉంది, ఏటవాలు చెక్క, మధ్యలో పాలరంగు గాజు, గాజు కింద బల్బు, చెక్క అంచున కాగితం కన్నాలు తగిలించుకోవడానికి గుండ్రటి మేకులు. తను పనిచేసిన బొమ్మల సినిమాల స్టూడియో మూతపడినప్పుడు సామాను అమ్మేస్తుంటే భర్త దీన్ని తన కొట్టుకు కుట్టుమిషన్లు మోసే బండిలో వేసుకొచ్చాడు. బల్బు వెలిగించింది. తెల్లకాగితం పెట్టింది. పైన "మొదటి ఆదివారం" అని రాసి, ఆ రాత కింద పెన్సిలు ఆనించి కూర్చుంది. మొదటి ఆదివారం ఏం చెప్పాలి. అందరూ బంతితోనే మొదలుపెడతారు. పైనుంచి పడే బంతి, నేలకు తగిలి కాస్త నలిగి, మళ్ళీ సాగి లేచే బంతి. ఆమెకూ అలాగే చెప్పారు, ఎన్ని బంతులు వేసిందో, కలలో కూడా కంచాలు, గిన్నెలు నేల మీద పడి సాగి లేచేవి. కానీ గ్రంథాలయం మేడ మీది హాల్లో ఎవరు కూర్చుంటారు. చిన్నపిల్లలా, ఉద్యోగం చాలించినవాళ్ళా, ఆదివారం ఇంట్లో ఉండలేక వచ్చేవాళ్ళా. వీధిలో వాళ్ళెవరైనా రావచ్చు అని ఆవిడ అంది. ఎవరైనా రావచ్చంటే ఎవరూ రాకపోవచ్చని కూడా. అయినా ఆవిడ అంత ధీమాగా ఎలా ఉంది, మనుషులు వస్తారని. నెలరోజుల కిందట గుమ్మంలో నిలబడి, మీరు చేత్తో వేసే కదిలే బొమ్మలు నేర్పాలండీ, ఈ కాలంలో అది తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల మీరొక్కరేనట, అంది. మీరొక్కరేనట. ఆ 'అట' ఎవరు చెప్పారట. అప్పుడు సంతోషంలో అడగలేదు. సంతోషం వచ్చినప్పుడు మనిషి చెవుల్లో దూది పెట్టుకున్నట్టే ఉంటుంది.

కాగితం మీద ఓ గుండ్రం గీసింది, ఇంకో కాగితం దాని మీద పరిచి కాస్త కిందికి ఇంకో గుండ్రం. కింది గీత పై కాగితంలోంచి పొగలా కనిపిస్తుంది. ఈ పొగలో ఎన్నేళ్ళు గడిచాయి. పొడుగాటి గది, పగలు కూడా తెరలు దించేవాళ్ళు, ప్రతి బల్ల కిందినుంచి వెలుతురు మొహాల మీద పడి అందరూ దయ్యాల కథ చెప్పేవాళ్ళలా ఉండేవాళ్ళు. కాగితాలు తిరగేసే చప్పుడు పావురాలు లేచినట్టు. గది ఆ చివర ఎత్తు బల్ల దగ్గర పెద్దగీత. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పెద్దగీత మొదటి బొమ్మ వేస్తాడు, చివరి బొమ్మ వేస్తాడు. పిల్ల నిలబడి ఉంది, పిల్ల దూకేసింది. ఈ రెంటికీ మధ్య ఆ పిల్ల ఏమేం చేసిందో ఆ బొమ్మలన్నీ వేసేది ఈమె. అందుకే నడిమక్క అన్నారు. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా నడిమక్కా, కాస్త ఈ గుర్రాన్ని అవతలి గట్టుకు చేర్చు, అనేవాళ్ళు. సినిమా చివర పేర్లు పడేటప్పుడు పెద్దగీత పేరు ఒక్కటే పడేది, మిగతా అందరూ కలిసి 'తదితరులు'. కూతురు చిన్నప్పుడు అడిగేది, ఇందులో నువ్వెక్కడున్నావమ్మా అని. ఎలా చెప్పడం. గుర్రం కాళ్ళు గాల్లో ఉన్నప్పుడు నేను, నేల మీద ఉన్నప్పుడు ఆయన.

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. ఆమె పెన్సిలు ఆగింది. అది వంటింటి కుర్చీ, ఎడమకాలు కుంటుతుంది, దాని చప్పుడు వేరు. ఎందుకు జరుపుతున్నారు. మొన్న భర్త టేపు పట్టుకుని వంటింటి బల్ల కొలిచాడు, ఎందుకండీ అంటే ఊరికే అన్నాడు. ఆ మనిషి ఊరికే ఏ పనీ చేయడు, పాడైపోయిన సూదిని కూడా పనికొస్తుందని దాస్తాడు. ఊరికే అట. మొన్నంటే ఆ రోజే కదూ గ్రంథాలయం ఆవిడ దగ్గరికి తను వెళ్ళింది, పెన్సిళ్ళు ఏ రకానివి తెప్పించాలో చెప్పిరావడానికి. గ్రంథాలయం అద్దాల తలుపులోంచి చూస్తే లోపల భర్త. కొట్టు తెరిచి ఉండాల్సిన వేళ, గ్రంథాలయంలో. చంకలో పలచటి అట్ట ప్యాకెట్టు. ఆవిడ ఏదో అడుగుతోంది, ఈయన నేలచూపులు చూస్తున్నాడు, చెప్పులతో గచ్చు మీద గీస్తున్నాడు. తలుపు తీసేసరికి ఇద్దరూ చప్పున ఆపేశారు. ఆవిడ సొరుగు మూసింది. ఈయన, అరే నువ్వూ వచ్చావా అన్నాడు, పెళ్ళిచూపుల్లో కూడా అంత మర్యాదగా మాట్లాడని మనిషి. ఆవిడ బల్ల మీద పోస్టరు నమూనా ఉంది. చేతి బొమ్మలు కదిలిద్దాం రండి అని పెద్దక్షరాలు, కింద ఈమె పేరు, పేరు కింద ఓ వరస పట్టేంత ఖాళీ. ఇక్కడ ఏమొస్తుందండీ అని ఈమె వేలు పెట్టి చూపిస్తే, ఆవిడ భర్త మొహం చూసి, అది ఇంకా తేలలేదండీ, అంది. ఏం తేలలేదు. ఒక పేరు కింద ఖాళీ వదిలారంటే అక్కడ రావలసింది ఇంకో పేరు కాక ఏమిటి.

ఆ తర్వాత ఫోను. వరండాలో, గోడ వైపు తిరిగి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని. మీరు ఒక్కమాట చెబితే చాలు సార్, అన్నాడు. ఈయన సార్ అనేది ఎవర్ని. కొట్టుకొచ్చే దర్జీలను అన్నా అంటాడు, పన్ను ఆఫీసు వాళ్ళను అయ్యా అంటాడు. ఆమె ఎరిగినంతలో ఆయన నోటివెంట సార్ అన్న మాట ఒక్కడికోసమే వచ్చింది. స్టూడియో గేటు దగ్గర సాయంత్రాలు తనకోసం సైకిలు పట్టుకు నిలబడినప్పుడు, పెద్దగీత బయటికొస్తే, నమస్తే సార్ అనేవాడు. పెద్దగీత తలైనా ఊపేవాడు కాడు, వేళ్ళకంటిన పెన్సిలు గ్రాఫైటు చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఇదిగో ఇప్పుడు అన్నీ బల్ల మీదికి వచ్చాయి. ఆమె కొత్త కాగితం పెట్టుకుంది, రాయడానికి కాదు, చేతికి ఏదో ఒకటి ఉండాలని. మొదటి బొమ్మ: గ్రంథాలయంలో భర్త, చంకలో ప్యాకెట్టు. చివరి బొమ్మ: వట్టి చెక్క మీద కూర్చున్న డబ్బాలు. మధ్యలో ఏముందో గీయడం ఎంతసేపు, బతుకంతా చేసిన పని అదే. ఆ రోజు ఆ ప్యాకెట్టులో ఉన్నవి కింది అరల కాగితాలు, క్లాసు ధ్యాసలో తను గమనించలేదు, నిన్న పైఅరవీ పోయాయి. తనకు చెప్పకుండా పెద్దగీతను పిలిచారు. క్లాసు చెప్పేది ఆయన, ఖాళీలో వచ్చేది ఆయన పేరు, బహుశా తన పేరుకు పైనే వస్తుంది, కిందిది మాటవరసకు. పెన్సిళ్ళు చెక్కిపెట్టడానికి, పిల్లల బల్లల మధ్య తిరిగి కాగితం సరిచేయడానికి తను. మళ్ళీ నడిమక్క. అదొక్కటే అయితే పోనీలే అనుకునేదేమో. ఆ కాగితాలెందుకు ఇచ్చారు ఆయనకి. అవేమిటో వీళ్ళకు తెలియదు. ఆయనకు తెలుసు.

మంచి బొమ్మలేవీ ఇంటికి రావు. పనికొచ్చిన కాగితం స్టూడియోలోనే ఉండిపోతుంది, పనికిరానిదే ఇంటికొస్తుంది. ఆ కట్ట మొత్తం పనికిరానిది. గాలికి ఎగిరిపోతున్న గొడుగు కోసం చెయ్యి చాచే పిల్ల, వెనక వీధి దీపం స్తంభం. చెయ్యి కిందనుంచి పైకి పోవాలి, అంతే. కింద ఉన్న చేతికీ పైన ఉన్న చేతికీ సరిగ్గా నడిమధ్య చుక్క పెట్టి, ఆ చుక్క దగ్గర అరచెయ్యి వేసింది ఈమె, మిగతావీ అదే గీత వెంట. అప్పుడు చిన్నవయసు, కొత్తగా చేరిన రోజులు, తొందర. చెయ్యి అలా పోదు. భుజం దగ్గర కట్టేసి ఉంటుంది కదా, విల్లులా వంగి, బయటనుంచి చుట్టు తిరిగి పోతుంది. అడ్డదారిన తీసుకుపోతే మధ్యలో చెయ్యి పొట్టిదైపోతుంది. పెద్దగీత ఆ కట్ట పట్టుకుని గది మధ్యకు వచ్చి అందరి ముందూ తిరగేశాడు. పిల్ల చెయ్యి చాచబోయి, లోపలికి కుంచించుకుపోయి, మళ్ళీ బయటికొచ్చింది. తాబేలు తలలా. మన నడిమక్క ఈ పిల్ల చెయ్యి నరికి మళ్ళీ అతికించిందర్రా, అన్నాడు. గదంతా నవ్వు. కిందినుంచి వెలుతురు పడే ఆ మొహాల్లో నోళ్ళే కనిపించాయి. ఆ కట్ట ఇంటికి తెచ్చింది, చింపి పారేద్దామనే. బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళొచ్చేసరికి అత్తగారు, మంచి దళసరి కాగితమే అమ్మాయ్, అంటూ కత్తెరతో అరల కొలతకు కత్తిరించి, డబ్బాల కింద పరిచేసింది. కన్నాలున్న అంచు పోయింది, మూల వేసిన అంకెలు పోయాయి. తీసెయ్యండి అని చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాల్సివస్తుంది. ఊరుకుంది. అప్పటినుంచి ఉప్పు డబ్బా తీసినప్పుడల్లా ఆ పిల్ల, పొట్టి చెయ్యి చాచి. చక్కెర డబ్బా కింద గాల్లో గొడుగు. బియ్యం డబ్బా కింద పిల్ల జడ ఒక్కటే. ఇంట్లో ఇంకెవరూ వాటిని చూడరనుకుంది, డబ్బా కింద కాగితం ఎవరు చూస్తారు.

ఇప్పుడు మేడ మీది హాల్లో, వీధిలో వాళ్ళందరి ముందూ, పాలవాడు, మందుల షాపు ఆవిడ, పైవాటా పిల్లలు, కూతురు పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం యజమాని, అందరూ చూస్తుండగా పెద్దగీత ఆ కట్ట ఎత్తి పట్టుకుంటాడు. చూడండి బాబూ, ఎలా వేయకూడదో. తను గోడవారన పెన్సిళ్ళు చెక్కుతూ. భర్త చప్పట్లు కొడతాడు, ఆయనకేం తెలుసు. తెలియక కొడతాడా. తెలిసే ఇచ్చాడేమో. అత్తగారికి మొదటినుంచీ ఈ బొమ్మల పని అంటే ఓ వెటకారం, పగలంతా దీపాలు పెట్టుకుని చీకట్లో కూర్చునే ఉద్యోగం అనేది చుట్టాల ముందు. అయినా పొద్దున్నే క్యారేజీ సర్దిపెట్టింది ఎవరు, ఆవిడే కదా. సర్దినంత మాత్రాన. కూతురికైతే తల్లి చేసింది ఎప్పుడూ అర్థం కాలేదు. తలుపు సందులోంచి ఇప్పుడు ఆ కూతురి గొంతే, సన్నగా.

"అమ్మకు చెప్పేద్దాం నానమ్మా. మొహం చూశావుగా."

"నోరు మూసుకో. ఐదవుతోంది, ఆవిడే వస్తుంది," అంది అత్తగారు. ఆవిడ గుసగుసలు పక్కింటికి వినపడతాయి.

చాలు. ఆమె బంతుల కాగితాన్ని సగానికి మడిచింది. ఆవిడ రాగానే చెప్పేయాలి. నాకు కుదరదండీ. అంతే, కారణం చెప్పకూడదు, కారణం చెబితే జాలిపడతారు. కళ్ళు సరిగా ఆనడం లేదండీ అంటే కూతురు కొత్త కళ్ళజోడు తెస్తానంటుంది. నడుమునొప్పి అంటే భర్త బల్ల ఎత్తు మారుస్తానంటాడు. కుదరదండీ. పెద్దగీత గారున్నారుగా, ఆయన చెబితేనే బాగుంటుంది. ఈ మాట నవ్వుతూ అనాలి. నవ్వుతూ అని, అప్పుడు ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూడాలి, ఏ మొహం ఏ గీత దగ్గర మారుతుందో. మొహం మారడం తనకంటే ఎవరికి బాగా తెలుసు. ముందు కనురెప్పలు, తర్వాత పెదవి చివర, ఆ తర్వాతే తల. బల్బు ఆర్పేసింది. గాజు ఒక్కసారి పాలిపోయి మామూలు గాజైపోయింది. ఇంతకాలం ఎవరూ అడగని పనిని ఎవరో అడిగారని, నెలరోజులుగా కూరగాయలు కొంటూ కూడా వేళ్ళతో గాల్లో గుండ్రాలు గీసింది. కూరగాయలమ్మి, దోమలాండీ, అంది.

గంట మోగింది. ఆమె లేచి తలుపు తీసేలోపే భర్త వీధి తలుపు తీశాడు, అంత హడావిడి ఏమిటో. గ్రంథాలయం ఆవిడ వానకు తడిసిన మనిషిలా జంకుతూ లోపలికొచ్చింది, వాన లేదు. చంకలో అదే అట్ట ప్యాకెట్టు, ఇప్పుడు లావుగా ఉంది. వంటింటి బల్ల చుట్టూ కుర్చీలు అర్ధచంద్రంలా వేసి ఉన్నాయి, అదన్నమాట కుర్చీల చప్పుడు, మొన్నటి టేపు కొలతా, నడిమధ్య కుర్చీలో అత్తగారు, చేతికర్ర పక్కన ఆనించుకుని, తీర్పు చెప్పే మనిషిలా. ఆమె గుమ్మంలోనే నిలబడింది. నాకు కుదరదండీ అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆవిడే అంది.

"క్షమించండి మేడం, నావల్ల కాలేదు. ఒక్కోటీ ఫోటో తీసి కంప్యూటర్లో ఆడిద్దామనుకున్నాను. నిన్న పైఅరవి కూడా తెచ్చిచ్చారు, అయినా వరస తెలియడం లేదు. ఏది ముందో ఏది వెనకో... మామ్మగారికి మాటిచ్చాను గానీ."

మామ్మగారికి. ఆమె అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు కర్ర పిడి వైపు చూసుకుంటోంది, అదేదో కొత్తగా కొన్నట్టు.

"నాకేం తెలుసే, మూలలు కత్తిరిస్తే వరస పోతుందని," అంది అత్తగారు. "అంకెలు గీకి ఉంటే ఏదో లెక్క అనుకున్నాను. ఉప్పు తీస్తే పిల్ల కనబడుతుంది. చక్కెర తీస్తే గొడుగు. రోజూ చూడ్డమే. ఇన్నేళ్ళయింది, ఆ గొడుగు దానికి దొరికిందో లేదో తెలియకుండానే పోతానేమో అనుకున్నా. ఆవిడ క్లాసు పెడుతున్నారంటే, ముసలివాళ్ళను చేర్చుకుంటారా అని వీణ్ణి పంపి కనుక్కోమన్నా, ఈ కాగితాలూ ఆడించి చూపిస్తారేమో అడగమన్నా."

"నన్నడిగితే చెప్పేదాన్నిగా అత్తయ్యా."

"నిన్నా. ఆ కాగితాలు పరిచిన రోజు నీ మొహం చూశాను. ఏం అనలేదు నువ్వు. నేనూ అడగలేదు. ఒకసారి అడగనిది తర్వాత అడగడం ఎంత కష్టమో నీకు తెలియదా ఏం."

కూతురు బల్ల మీది గిన్నెలు అటూ ఇటూ జరుపుతోంది, జరపాల్సిన అవసరం లేకపోయినా. ఆమెకు ఇంకా ఓ ముడి విడలేదు. సరే, కాగితాల సంగతి తేలింది, మరి ఖాళీ, మరి సార్. ఆ మాటే అడిగింది, గొంతు తను అనుకున్నంత చల్లగా రాలేదు. భర్త చెవి వెనక గోక్కున్నాడు. పోస్టరు మీద మీ ఆవిడ స్టూడియోలో ఏ పని చేసేవారో ఒక్క ముక్క రాయాలి, ఏమని రాయమంటారు అని గ్రంథాలయం ఆవిడ అడిగిందట. బొమ్మలు వేసేది అన్నాడట. బొమ్మలు వేసేవాళ్ళలో ఏ పని అని ఆవిడ మళ్ళీ అడిగిందట. అక్కడ ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే తను తలుపు తీసింది. అన్నేళ్ళు గేటు దగ్గర నిలబడి లోపల ఆమె ఏం చేసేదో ఆ పని పేరు తెలియదని అక్కడ తేలిందని, సిగ్గేసిందని చెప్పాడు. ఇంటికొచ్చి నిన్నడిగితే ఇన్నాళ్ళకా అడగడం అంటావని, పెద్దగీత గారి నంబరు పట్టుకుని ఫోను చేశాడు.

"ఏమన్నారు ఆయన?"

"నడిమక్క అని రాస్తే చాలదా అన్నారు. జనానికి తెలియదు సార్ అన్నాను. తెలియదులే, అన్నారు. గొంతు మరీ సన్నబడిపోయింది. నేనెవరో రెండుసార్లు చెప్పాల్సివచ్చింది."

"క్లాసుకు రమ్మన్నారా ఆయన్ని?"

"ఎక్కడికి రావడం. మంచం దిగడం లేదట."

ఆమె ఆ కుంటికాలి కుర్చీలో కూర్చుంది. కోపం రావాలి, కాస్త వచ్చింది కూడా, పని పేరు తెలియని మొగుడి మీద ఎవరికైనా వస్తుంది, అది రాత్రి భోజనాల దాకా ఉంచుకోవచ్చు. పెద్దగీత మంచంలో అన్నది మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇందాకటిదాకా హాలు మధ్య నిలబడి కట్ట ఊపిన మనిషి. గ్రంథాలయం ఆవిడ ప్యాకెట్టు విప్పి కాగితాలు బల్ల మీద పరిచింది. ఎంత పసుపుబారాయి. ప్రతిదాని మీదా డబ్బా అడుగు గుండ్రం, ఉప్పుది చిన్నది, బియ్యానిది పెద్దది, నూనెదైతే అద్దంలా అవతలికి కనిపిస్తోంది. ఆమె చేతులు ఆమెను అడగకుండానే ఏరడం మొదలుపెట్టాయి. జడ భుజం మీదున్నది ముందు, జడ గాల్లోకి లేచినది తర్వాత, మడమ ఎత్తింది, వేళ్ళ మీదికి వచ్చింది. కన్నాల అంచు లేదు గనక దీపం స్తంభం అడుగు చూసుకుని ఒకదాని మీద ఒకటి సరిపెట్టింది. కట్ట కింది భాగం ఎడమచేత్తో గట్టిగా అదిమి, పైఅంచు బొటనవేలితో వంచి, అత్తగారి ముందుకు జరిపి, వదిలింది.

పావురాలు లేచాయి. డబ్బా గుండ్రాలన్నీ పిల్ల చుట్టూ చిన్నవీ పెద్దవీ వాననీటి బుడగల్లా పుట్టి పగిలాయి, వాటి మధ్యనుంచి పిల్ల మునివేళ్ళ మీద లేచింది, జడ ఎగిరింది, చెయ్యి పైకి పోబోయి గుటుక్కున లోపలికి పోయి మళ్ళీ బయటికొచ్చింది. కట్ట అయిపోయింది.

"మళ్ళీ," అంది అత్తగారు. మళ్ళీ వదిలింది. అత్తగారు ముందుకు వంగింది, కళ్ళజోడు జారింది. "అదేమిటే, మధ్యలో దాని చెయ్యి ఎటు పోయింది?"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భర్త కిటికీ వైపు చూశాడు. ఎవరూ నవ్వలేదు, ఆమె తప్ప. ఆమెకు ముందు ముక్కులోంచి వచ్చింది నవ్వు, ఆ తర్వాత భుజాలు ఊగాయి, కళ్ళు తుడుచుకోవాల్సివచ్చింది. చెయ్యి ఎక్కడికీ పోలేదు అత్తయ్యా, నేనే దాన్ని అడ్డదారిన లాక్కుపోయాను, అంది. అది భుజానికి కట్టేసి ఉంటుందని మరిచిపోయి, కిందికీ పైకీ మధ్య చుక్క పెట్టి గీత గీసేశాను. చెబుతూండగానే గ్రంథాలయంలో నేలచూపులు చూస్తున్న భర్త, వట్టి చెక్క మీది డబ్బాలు ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి. ఇందాక వెనకగదిలో వాటి మధ్య కూడా ఎంత బాగా గీసింది. ఎక్కడా తడబడలేదు.

"ఇంతకీ దొరికిందా?" అంది అత్తగారు.

చివరి బొమ్మ పెద్దగీతదనీ, అది స్టూడియోతోపాటే పోయిందనీ ఆమె చెప్పింది. అందులో ఏముందో మాత్రం చెప్పలేదు. అత్తగారు చాలాసేపు ఎదురుచూసింది. చెప్పదని అర్థమయ్యాక, చూశారా దీని పంతం, అన్నట్టు గ్రంథాలయం ఆవిడ వైపు చూసింది. ఆవిడ పోస్టరు నమూనా తీసి, పెన్ను మూత ఊడదీసి, ఏమీ అడగకుండా పట్టుకుని కూర్చుంది. ఆమె కాగితాల అంచులు బల్లకు తట్టి సరిచేసింది, పైనున్న దాని మీద ఉప్పు గుండ్రాన్ని వేలితో ఓసారి చుట్టి వచ్చింది. తర్వాత మామూలుగా, రాత్రి వంట ఏమిటో చెప్పే గొంతుతో అందరికీ చెప్పింది.

"ఆ ఖాళీలో మధ్య బొమ్మలు వేసేవారు అని రాయండి. క్లాసు నేనే చెబుతాను. మొదటి ఆదివారం బంతి కాదు, ఈ పిల్ల చెయ్యి, అందరూ కలిసి బాగుచేయాలి. అత్తయ్య ముందు వరసలో కూర్చుంటుంది, చివరి బొమ్మ ఆవిడే వేస్తుంది, గొడుగు దొరికిందో లేదో ఆవిడిష్టం. అలమరలోకి రేపు న్యూస్ పేపరు కత్తిరించండి."